ఫ్లెక్సీకెక్కిన ప్లేటు

నా ఎడమ కాలికి ఏ పనీ చెప్పని బండి నాది. అందుకే దాన్ని మా ఇంట్లో మనుషుల కంటే కాస్త ఎక్కువగానే చూసుకుంటాను. ఈ మాట మా ఆయన ముందే అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

చిన్నప్పుడు పోలియో వచ్చి ఆ కాలు సన్నబడిపోయింది. ఇనుప పట్టీల బూటు వేసుకుని నడుస్తాను, మెట్లెక్కుతాను, ఎక్కడైనా తగాదా వస్తే అందరికంటే ముందే లేచి నిలబడతాను. క్లచ్ తొక్కడం మాత్రం నా వల్ల కాదు. ఎవరో ఫాంహౌస్ ఆసామి మోజుపడి కొన్న డీజిల్ పికప్ ఒకటి, మోజు తీరాక అమ్మకానికి వచ్చింది. ముందు రెండు వరుసల సీట్లు, వెనక సామాను తొట్టి, గేర్లు వాటంతటవే పడే ఆటోమేటిక్. సామాను మోసే బండ్లలో అలాంటిది దొరకడం అరుదు. దాన్ని ఇంటికి తెచ్చుకున్న రోజు నాకు అన్నం సయించలేదు, పట్టలేని సంతోషంతో.

నాది మట్టి కుండల వ్యాపారం. నాంపల్లిలో రోడ్డు వారన రేకుల షెడ్డు ఉంది. నీళ్లు చల్లబరిచే రంజన్లు, కూజాలు, కూర దాకలు, పూల కుండీలు అమ్ముతాం. డ్రైవర్లను పెట్టుకున్న కాలంలో కుండలు ఎవరివో అన్నట్టు తోలేవాళ్లు, షెడ్డుకు చేరేసరికి తొట్టిలో పెంకులు మిగిలేవి. ఇప్పుడు నేనే ఊళ్లకు పోయి, ఒక్కో కుండను వేలి కణుపుతో కొట్టి చూసి ఏరుకుంటాను. వరిగడ్డి పరిచి పేర్చుకుని, గతుకుల దగ్గర పసిపిల్లను ఎత్తుకున్నట్టు నడుపుకుంటూ వస్తాను. పక్క సీట్లో మా అత్తమ్మ కూర్చుంటుంది. పాలమూరు వైపు నుంచి వచ్చి, ఈ ఊళ్లో బిల్డింగుల దగ్గర తట్టలు మోసిన మనిషి. ఇప్పుడు షెడ్డులో గల్లాపెట్టె ఆమెది, బండిలో ముందు సీటు ఆమెది. ఆ సీటు కన్నకొడుక్కి కూడా ఇవ్వదు.

ఈ ఎండాకాలం, రంజన్లు బాగా పోయే రోజుల్లోనే, నా సీటు కింద టకటకమని చప్పుడు మొదలైంది. వెనక కుండేదో కదులుతోందనుకున్నాను. బండి ఆపి గడ్డి సర్దాను కూడా. చప్పుడు ఆగలేదు. ఒక ఉదయం మా షెడ్డు ముందే పెద్ద చప్పుడు చేసి బండి నిలిచిపోయింది. ఇంజను తిరుగుతోంది, చక్రాలు కదలవు. నలుగురు తోస్తే స్టేషన్ వెనక గల్లీలో ఉన్న గ్యారేజీ దాకా చేరింది.

అక్కడి మెకానిక్ భాయ్ గేర్ బండ్లలో చెయ్యి తిరిగినవాడు. ఆటోమేటిక్ అంటే మాత్రం కాస్త జంకు. గేర్ పెట్టె కిందికి దించి, టార్చి వేసి చూసి, బండి కింద నుంచి పాక్కుంటూ వచ్చాడు.

"అక్కా, నడుం ఇరిగింది" అన్నాడు.

ఇంజనుకూ గేర్ పెట్టెకూ మధ్య పళ్లెం లాంటి పల్చటి ఇనుప చక్రం ఒకటి ఉంటుందట. అంచు చుట్టూ పళ్లు ఉంటాయి. ఇంజను దాన్ని తిప్పితే అది గేర్ పెట్టెను తిప్పుతుంది. ఇంజను అదిరినప్పుడు కాస్త వంగి సర్దుకుంటుంది. అలా వంగి వంగి, నడుమ బోల్టుల చుట్టూ చీలిపోయింది.

"దీన్ని ఫ్లెక్స్ ప్లేట్ అంటరంట. ఇప్పుడే ఫోన్ల వీడియో చూసిన."

"ఒక్క ప్లేటే కదా భాయ్, తెచ్చుకుందాం."

"దొరకదక్కా. కంపెనీకి ఆర్డర్ పెడితే ఎప్పుడొస్తదో ఖుదాకే ఎరుక. ఓ మాట చెప్త ఇనున్రి. నా దోస్తు దగ్గర ఇదే బండిది గేర్ల సెట్టు ఉన్నది. గేర్ బాక్స్, క్లచ్, పెడల్, అన్నీ. పొద్దుగూకినప్పటి మగ్రిబ్ నమాజ్ లోపల చెప్తే ఆపుత. లేకుంటే ఇంకొకళ్లకు పోతది. గది పెట్టిస్తే ఫికర్ లేకుండ నడుస్తది బండి."

"ఎవరు నడుపుతారు?" అన్నాను.

భాయ్ నా బూటు వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "సార్ ఉన్నడు గదా" అన్నాడు మెల్లగా.

ఖైరతాబాద్‌లో ఆఫీసులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "మంచిదే గదా. గేర్ బండి చేపిద్దం. ఆఫీసుకు పోయేముంగట, వచ్చినంక నేను నడుపుత. నీకు ఏ ఫికరూ ఉండదు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఫికర్ లేకుండా షెడ్డులో కూర్చోవడానికా నేను అంత కష్టపడి బండి నేర్చుకున్నది? సెలవుల్లో ఆయనకు తీరినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కుమ్మరుల దగ్గరికి తీసుకుపోతాడన్నమాట. ఫోన్ పెట్టేసి, "మగ్రిబ్ లోపల ప్లేటు తెస్తాను. ఆ సెట్టు మాట అప్పటిదాకా ఎత్తకు" అని భాయ్‌కి చెప్పాను.

పగిలిన ప్లేటు ఇమ్మంటే, బోల్టులు బిగుసుకుపోయి ఊడటం లేదన్నాడు. బండి కిందికి పోయి ఫోటో తీసి నా ఫోన్‌కి పంపాడు. జిడ్డు, మసి, చీకటి. మాడిపోయిన అట్ల పెనం ఫోటో అన్నా ఎవరూ కాదనరు.

నేనూ అత్తమ్మా నాంపల్లిలో స్పేర్ పార్టుల దుకాణాల వరస పట్టుకున్నాం.

"ఫ్లెక్స్ ప్లేట్ ఉందా?"

"క్లచ్ ప్లేటా?"

"క్లచ్ కాదు, ఫ్లెక్స్."

"ఔ ఔ. ఏ బండికి క్లచ్ ప్లేట్?"

ఒక్క దుకాణం కాదు, వరసంతా ఇదే పాట. ఫోన్‌లో ఫోటో చూపిస్తే అటు తిరిగి చూసేవాళ్లే లేరు, గిరాకీ అలా ఉంది. ఒకాయన నా మాట పూర్తికాకముందే డబ్బా విప్పి, నిగనిగలాడే క్లచ్ ప్లేటు కౌంటరు మీద పెట్టాడు. నాకు ఈ జన్మలో అక్కర్లేని వస్తువు ఏదైనా ఉందంటే అదే. ఆ రోజు ఊరంతా కూడబలుక్కుని దాన్నే నా చేతిలో పెట్టాలని చూస్తున్నట్టనిపించింది.

అత్తమ్మకు ఓపిక పోయింది. "క్లచ్చే లేదు అని చెప్తున్నం గదనయ్యా. గీ ప్లేటు ఏడ పెట్టుకోవాలె, నెత్తి మీదనా?" అంది.

వరస చివరి దుకాణంలో మాత్రం ఒకాయన చెవి పెట్టి విన్నాడు. "ఫ్లెక్సా? గట్ల చెప్పున్రి మరి. గది గీడ దొరకదమ్మా. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటినంక గల్లీ ఉంటది, గాడికి పోన్రి. మొత్తం గవ్వే దుకాణాలు" అన్నాడు.

మొత్తం గవ్వే దుకాణాలు. ఆ మాట వినగానే నా గుండె ఎగిరి గంతేసింది. ఆటో ఎక్కి, దారిపొడవునా అత్తమ్మకు చెబుతూనే ఉన్నాను. ఆటోమేటిక్ సామాన్లకు ప్రత్యేకంగా ఒక గల్లీయే ఉందని ఆ మెకానిక్‌కి తెలియకపోవడమేమిటని, ఇన్నేళ్లు నాంపల్లిలో ఉండి నాకూ తెలియకపోవడమేమిటని. అత్తమ్మ కొంగుతో గాలి విసురుకుంటూ, "ముందు దొరకనీ బిడ్డా" అంది.

గల్లీ మొదట్లో ఆటో దిగి చూద్దును కదా, రెండు వైపులా నిలువెత్తు మనుషులు చేతులు జోడించి నవ్వుతున్నారు. గృహప్రవేశాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఓపెనింగ్ ఆఫర్లు. ప్రతి దుకాణంలోనూ మిషన్ బరబరమంటూ ఎవరో ఒకరి మొహాన్ని ప్రింటు తీస్తోంది. అది ఫ్లెక్సీల గల్లీ. ఫ్లెక్స్ అనగానే ఆ మనిషికి తోచింది ఇదే, ఈ ఊళ్లో ఎవరికైనా తోచేది ఇదే.

నడిరోడ్డు మీద నిలబడి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కూలర్ గాలి తగులుతోందని అత్తమ్మ ఈలోగా ఒక దుకాణంలో దూరి, స్టూలు లాక్కుని కూర్చుంది. నేను లోపలికి వెళ్లేసరికి కంప్యూటర్ ముందున్నాయనతో మాట్లాడుతోంది.

"ఫ్లెక్స్ ప్లేటు కావాలె."

"ఫోటో పంపున్రి అమ్మా. సైజు ఎంత?"

"వద్దత్తమ్మా, లే, పోదాం" అనబోయాను. అంతలో నా కోపానికి ఒక ఉపాయం తట్టింది. నాంపల్లి దుకాణాలవాళ్లకు చెబితే వినపడలేదు, ఫోన్ చూపిస్తే కనపడలేదు. సరే, కనపడేలాగే చూపిస్తాను. "బాగా పెద్ద సైజు. కౌంటరు మీద పరిస్తే ఇంకేమీ కనపడకూడదు" అని ఫోటో పంపాను.

ఆయన యాభై దాటిన మనిషి, మెడలో కళ్లద్దాల తాడు. ఇదేం ఫోటో అని కూడా అడగలేదు. ఎన్ని రకాల మొహాలు చూశాడో మరి. తెరిచిన వెంటనే మౌస్ కదిపి ఏదో చేయడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

"జర తెల్లగ చేస్తున్న మేడం. తెల్లగ చెయ్యనిది ఏ మొఖమూ మా దుకాణం దాటి పోదు."

వద్దనేలోపే మసి విడిపోసాగింది. నలుపు బూడిదరంగయింది, బూడిదరంగు ఇనుమయింది. అంచున పళ్లు ఒక్కొక్కటే తేలాయి. నడుమ చీలిక తేటగా కనిపించింది. అత్తమ్మ లేచి వచ్చి నా వెనక నిలబడింది.

"కింద గీ మచ్చ ఉన్నది మేడం, పుట్టుమచ్చ లెక్క" అన్నాడాయన, తెర మీద ఒక మూలకు బాణం గుర్తు తీసుకుపోయి. "తీసెయ్యాల్నా?"

వంగి చూశాను. మచ్చ కాదది. ఇనుములో పొడిచిన అంకెలు.

"ఆగండి" అని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పరాయి మనిషి చెయ్యి అలా పట్టుకోవడం నాకదే మొదలు. "దాన్ని తీయకండి. దాన్నే పెద్దది చెయ్యండి. ఇంకా. ఇంకా తెల్లగా చెయ్యండి."

ఆయనకు కూడా ఉత్సాహం పెరిగింది. కుర్చీ ముందుకు లాక్కుని, పెళ్లికూతురి ఫోటోకి చేసినంత శ్రద్ధగా చేశాడు. రెండు వరసల్లో అంకెలు, చివర ఒక ఇంగ్లీషు అక్షరం. ప్లేటు నంబరు. అందరం చీలికనే చూశాం కానీ, జిడ్డు కింద అది దాక్కుందని భాయ్‌కీ తట్టలేదు, నాకూ తట్టలేదు. పేరు ఎవరికీ అర్థం కాకపోతే ఏం, వేలిముద్ర దొరికిందనుకున్నాను.

"కింద ఏం రాయాలె మేడం? శుభాకాంక్షలా, శ్రద్ధాంజలా?"

నేను ఆలోచించేలోపు అత్తమ్మ అందుకుంది. "కావలెను అని రాయి."

అలాగే రాశాడు, ఎర్రటి పెద్ద అక్షరాలతో. మిషన్ నుంచి మా ప్లేటు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంటే, పురిటిగది ముందు నిలబడినట్టు నిలబడ్డాం. చేతి అలవాటు కొద్దీ చుట్టూ పూల అంచు కూడా పెట్టేశాడు. బాగానే ఉందని ఊరుకున్నాను.

ఆటోలో మళ్లీ నాంపల్లి. ఎండ అప్పటికే వాలిపోయింది. స్పేర్ పార్టుల వరసలో దిగి, ఫ్లెక్సీని నేనొక కొస, అత్తమ్మొక కొస పట్టుకుని నడిచాం. ఇప్పుడు మమ్మల్ని చూడనివాడు లేడు. స్కూటర్లు ఆగాయి. ఒకామె పిల్లను చంకలో సర్దుకుంటూ వచ్చి, "ఎవరు తప్పిపోయిన్రమ్మా?" అని జాలిగా అడిగింది. క్లచ్ ప్లేటు అంటగట్టబోయిన కౌంటరాయన కూడా బయటికి వచ్చి తలగోక్కున్నాడు.

పైన మేడ మీంచి ఒక గొంతు వినపడింది. "ఓ అమ్మా, ఉల్టా పట్టుకున్నరు. జర సీదా చెయ్యున్రి."

తలెత్తితే ఒక ముసలి సేటు కిటికీలోంచి వంగి చూస్తున్నాడు. ఫ్లెక్సీ తిప్పాం.

"గది డ్రైవ్ ప్లేట్ గదా. ఆటోమేటిక్ బండిది. ఫ్లెక్స్ గిక్స్ అని ఎవరు చెప్పిన్రు మీకు? పైకి రాన్రి."

డ్రైవ్ ప్లేట్. పొద్దుటి నుంచి నేనడగాల్సిన మాట అది. ఆ మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. ఎలా ఎక్కానో గుర్తులేదు కానీ, అత్తమ్మ కంటే ముందే పైనున్నాను.

సేటు ఫ్లెక్సీని నేల మీద పరిచి, కళ్లద్దాలు పెట్టుకుని నంబరు చదివాడు. గోడకు మేకులకు వేలాడుతున్న చక్రాల్లోంచి మూడు తీశాడు. ఒకదాని మీద చివరి అక్షరం వేరు, అది పాత ఇంజనుకు, దాని బోల్టు రంధ్రాలు కలవవని పక్కన పెట్టేశాడు. మిగిలిన రెండింటి మీద ఉన్నది మా నంబరే. రెండూ యాక్సిడెంటు బండ్ల నుంచి ఊడదీసినవే. ఒకటి వెండిరంగు వేసి తళతళలాడుతోంది. ఇంకొకటి తుప్పు పట్టి, తట్టితే పొడి రాలుతోంది.

"గీ తెల్లది తీస్కో బిడ్డా" అంది అత్తమ్మ వెంటనే.

భాయ్‌కి ఫోన్ చేశాను. "నంబర్ కలిస్తే సాలక్కా, ఏదైనా తెచ్చుకోన్రి" అన్నాడు. దొరికింది కదా, మీ దోస్తుకు వద్దని చెప్పమంటే, "నా చేతికి రానీ, అప్పుడు చెప్త. కలవకుంటే రేపు మీరే నన్ను తిడ్తరు" అన్నాడు.

ఏదైనా తెచ్చుకోమంటే నాకు కుదరదు. కుండలు కొనేదాన్ని. సేటు దగ్గర సుతిలి దారం అడిగి, తుప్పుదాన్ని రంధ్రంలోంచి కట్టి గాల్లో వేలాడదీశాను. వేలి కణుపుతో కొట్టాను. ఖంగుమంది. ఆ మోత గదంతా తిరిగి, చాలాసేపటికి గానీ ఆగలేదు. గట్టి రంజను కూడా అలాగే మాట్లాడుతుంది. తర్వాత వెండిదాన్ని కట్టి కొట్టాను. బొద్దుమని అక్కడికక్కడే చచ్చిపోయింది. మళ్లీ కొట్టాను. అదే చప్పుడు. ఎంత నున్నగా ఉన్నా సరే, ఆ చప్పుడు చేసిన కుండను నేను ఇంటికి తెచ్చుకోను.

సేటు దాన్ని నా చేతిలోంచి అందుకున్నాడు. గుడ్డను కిరోసిన్‌లో ముంచి, బోల్టు రంధ్రాల చుట్టూ రంగు పోయేదాకా రుద్దాడు. వెంట్రుకంత గీత బయటపడింది. మా బండిది చీలింది కూడా అక్కడే.

"తోబా" అన్నాడు సేటు. "రంగు నేను ఎయ్యలేదమ్మా, గట్లనే వచ్చింది నా దగ్గరికి." దాన్ని తీసి తుక్కులోకి విసిరేశాడు. నేను తుప్పుదాన్ని గుండెలకు హత్తుకుని మెట్లు దిగాను. చీర పాడవుతోందని అత్తమ్మ వెనక నుంచి గొణుగుతూనే ఉంది.

గ్యారేజీ గల్లీలోకి మా ఆటో తిరిగేసరికి మసీదులో అజాన్ మొదలైంది. దిగి చూస్తే తోపుడు బండి మీద గేర్ల సెట్టు వచ్చేసి ఉంది. పక్కన భాయ్ దోస్తు, ఆ పక్కన ఆఫీసు బ్యాగుతో మా ఆయన. మా బండి డ్రైవర్ తలుపు దగ్గర నేల మీద ఒక క్లచ్ పెడల్ పడి ఉంది. మూడో పెడల్. దాన్ని చూస్తే నాకు నిజంగా భయం వేసింది. పొద్దుటి నుంచి కోపమూ పరుగే తప్ప భయపడటానికి తీరిక దొరకలేదు.

భాయ్ ప్లేటు అందుకున్నాడు. ఈలోగా బోల్టులను మంట పెట్టి ఊడదీసినట్టున్నాడు, పగిలిన ప్లేటు బల్ల మీద ఉంది. దాని మీద నాదాన్ని పెట్టి, రెండూ కలిపి ట్యూబ్‌లైటుకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. ప్రతి రంధ్రంలోంచీ వెలుతురు వచ్చింది. ఒక్కటి కూడా మూసుకుపోలేదు.

"నమాజ్ చేసొస్త" అన్నాడు భాయ్, పోతూ దోస్తు వైపు తిరిగి. "నీ సామాన్ తీస్కపో."

దోస్తు వంగి ఆ పెడల్ తీసుకుని తోపుడు బండి మీద పడేసుకున్నాడు. మా ఆయన నా దగ్గరికి వచ్చి, నా చీరకంటిన తుప్పు చూసి, "నీకు అలుపు ఉండొద్దని అన్న, గంతే" అన్నాడు.

"తెలుసు" అన్నాను. నాకు అలుపే ఇష్టమని కూడా చెప్పాను.

మర్నాడు సాయంత్రానికి బండి సిద్ధమైంది. మా ఆయన ముందు తలుపు తెరవబోయాడు. అత్తమ్మ అప్పటికే లోపలుంది. "ఎనక కూసో బిడ్డా" అంది కొడుకుతో, కదలకుండా. ఆయన వెనక సీట్లో, ఫ్లెక్సీ చుట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మా ప్లేటు బొమ్మ, పూల అంచు, కావలెను అన్న అక్షరాలు ఆయన మోకాళ్ల మీద సగం సగం కనిపిస్తున్నాయి.

ఎక్కి కూర్చోగానే ముందు కిందికి చూశాను. రెండే పెడళ్లున్నాయి. తాళం తిప్పాను. సీటు కింద టకటకలు లేవు. కళ్లు తుడుచుకుని, కుడి కాలు బ్రేకు మీంచి తీశాను. బండి కదిలింది. ఎడమ కాలు ఎప్పటిలాగే ఏ పనీ లేకుండా, పెద్దింటి చుట్టంలా కూర్చుని వచ్చింది.